సముద్రగాలిలో ఇనుప గేటు నిలిచేదెలా?

సింహాచలంలో మా గేటు బాగానే ఉంది. అదే షాపులో చేయించి మా అన్నయ్య విశాఖ బీచ్ రోడ్డులో పెట్టుకున్న గేటు మాత్రం అడుగున పొరలు పొరలుగా రాలిపోతోంది. ఇంగ్లండులో చర్చి స్మశానాల చుట్టూ ఎప్పటివో ఇనుప కటకటాలు ఇంకా ఉన్నాయట. ఎలా?

తేడా గేటులో కాదు, గాలిలో ఉంది. అలలు విరిగినప్పుడు లేచే ఉప్పు తుంపర ఇనుము మీద పేరుకుంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కాబట్టి వాన లేకపోయినా గేటు తడిసే ఉంటుంది. ఒడ్డు నుంచి లోపలికి వచ్చేకొద్దీ ఈ తుంపర త్వరగా తగ్గిపోతుంది. సింహాచలం దాకా వచ్చేది తక్కువ.

అడుగునే ఎందుకు?

ఊచ నేలలోకి దిగేచోట, కమ్మీలు కలిసే సందుల్లో నీరు ఆరదు. తుప్పుకు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు కావాలి. అందుకే అది రంగును లేపుతుంది, పాతిన రాతిని కూడా పగలగొడుతుంది.

ఇంగ్లండులోని పాత కటకటాలు ఎలా నిలిచాయి?

అవి రెండు రకాలు. కొలిమిలో కాల్చి సుత్తితో సాగదీసినది చేత ఇనుము. అచ్చులో పోసినది పోత ఇనుము. లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చి చుట్టూ 18వ శతాబ్దం తొలినాళ్లలో పెట్టినవి పోత ఇనుపవే. ఊచల కాళ్లను రాతి గుంటల్లో దించి, కరిగిన సీసం పోసి బిగించేవారు. అయితే మనకు కనిపించేవి మిగిలినవే. రెండో ప్రపంచ యుద్ధంలో తుక్కు కోసమని ఎన్నో చర్చిల కటకటాలను కోసేశారు. మిగిలినవాటికీ ఎవరో ఒకరు రంగు మీద రంగు వేస్తూ వచ్చారు.

మనం ఏం చేయాలి?

గేటును తరచూ మంచినీళ్లతో కడగాలి. తుప్పును గీకి, తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ రోజే ప్రైమర్ వేయాలి. తరువాత రెండు పూతల రంగు. అడుగున నీరు నిలవకుండా సిమెంటును ఏటవాలుగా చేయించాలి.

విశాఖ పాతనగరంలోనో భీమిలిలోనో తెల్లదొరల నాటి గేటు బాగుచేయాల్సి వస్తే ముందు రకం తెలుసుకోవాలి. పువ్వులన్నీ ఒకేలా ఉండి అచ్చు గీత కనిపిస్తే పోత ఇనుము. మామూలు వెల్డింగ్ చేస్తే పగులుతుంది. పాత రంగులో సీసం ఉండొచ్చు, గీకేటప్పుడు మాస్కు తప్పనిసరి.