హైదరాబాదుకి పది గంటలు, కువైట్‌కి ఐదు

కోనసీమ నుంచి కువైట్ వెళ్ళేవాళ్ళకి అసలు ప్రయాణం హైదరాబాదు చేరడమే. అమలాపురంలో రాత్రి బస్సెక్కి, రావులపాలెం దగ్గర హైవే పట్టుకుంటే, దాదాపు 450 కిలోమీటర్లకి తొమ్మిది పది గంటలు పోతాయి. శంషాబాదు నుంచి కువైట్ ఆకాశమార్గాన 3,370 కిలోమీటర్లు. అది మాత్రం ఐదు గంటలు. దూరం ఏడున్నర రెట్లు, సమయం సగం! ఈ లెక్క జెట్ ఇంజనుది.

దాని పుట్టుక ఏమంత వైభవంగా లేదు. బ్రిటిష్ వైమానిక దళంలో కుర్ర అధికారి ఫ్రాంక్ విటిల్ 1930లో దానికి పేటెంటు కోరాడు. 1935లో గడువు పొడిగించడానికి ఐదు పౌండ్లు కావలసొచ్చింది. అతని దగ్గర లేవు, ప్రభుత్వం ఇవ్వనంది, పేటెంటు పోయింది. ఐదు పౌండ్ల దగ్గర ఇంత పిసినారితనమా! విటిల్ ఇంజను 1937 ఏప్రిల్‌లో నేలమీద తిరిగింది గానీ, ముందుగా గాల్లోకి లేచింది జర్మన్ విమానం హైంకెల్ 178. 1939 ఆగస్టు 27న, హాన్స్ ఫాన్ ఒహైన్ చేసిన ఇంజనుతో.

ఇంజను చేసే పని చెప్పడానికి తేలికే. ముందు నుంచి గాలి పీలుస్తుంది, గట్టిగా నొక్కుతుంది, కిరోసిన్ జాతి ఇంధనం కలిపి మండిస్తుంది, వేడి వాయువుని వెనక్కి చిమ్ముతుంది. పోతూపోతూ ఆ వాయువే టర్బైన్‌ని తిప్పుతుంది, టర్బైన్ ముందున్న గాలిని నొక్కే చక్రాలని తిప్పుతుంది. ఇప్పటి ఇంజన్లలో ముందు పెద్ద ఫ్యాను ఉంటుంది. అది లాగిన గాలిలో ఎక్కువ భాగం మంట జోలికి పోకుండా పక్కనుంచే వెనక్కి వెళ్ళి విమానాన్ని తోస్తుంది. ఇంధనం ఆదా, మోతా తక్కువ.

జెట్ రాకముందు, 1930లలో గల్ఫ్ తీరం మీదుగా కరాచీకి వచ్చిన హ్యాండ్లీ పేజ్ విమానాలు గంటకి 160 కిలోమీటర్లు పోయేవి. ఆ లెక్కన హైదరాబాదు నుంచి కువైట్‌కి ఇరవయ్యొక్క గంటలు, మధ్యలో దిగి ఆగే సమయం కాక. 1952లో కామెట్ జెట్ ప్రయాణికులని ఎక్కించుకుంది, 1954 కల్లా లోహపు అలసటతో గాల్లోనే విరిగి ఆగిపోయింది. 1958లో బోయింగ్ 707, 1988లో ఎయిర్‌బస్ ఏ320 వచ్చాయి. పదకొండు కిలోమీటర్ల ఎత్తున, నేలమీది గాలిలో మూడోవంతు కూడా లేనిచోట, ఏ320 లాంటివి గంటకి 830 కిలోమీటర్లు పోతాయి.

అలా అయితే నాలుగు గంటలు చాలాలిగా? ఎక్కడం, దిగడం, వంకర దారులు ఉన్నాయి. పైగా చలికాలంలో పడమటి గాలి ఎదురొస్తుంది. వచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోసి అరగంట పైగా మిగులుస్తుంది. వర్షాకాలంలో మాత్రం దక్షిణ భారతం మీద ఆ ఎత్తున గాలి తూర్పు నుంచి వీస్తుంది. ఆ ప్రవాహాన్ని 1958లో శాస్త్రలోకానికి వివరించింది భారత వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం.