వీణయు గిటారును

గిటారు నేడు మన పట్టణములకు పరాయి వాద్యము కాదు. డోను, నంద్యాల, ఆళ్లగడ్డ వంటి యూళ్ల బాలురును దానిని కోరుచున్నారు. ఇందులకు కొందఱు పెద్దలు విచారపడుచుందురు. మాకట్టి విచారము లేదు. బాలుస్వామి దీక్షితులు (1786–1859) పాశ్చాత్యుల వయొలినును మన సంగీతమున కనుకూలపఱచిన పిదప నది మనదే యయ్యెను. ద్వారము వేంకటస్వామినాయుడుగారి చేతియందలి వయొలినును పరదేశి యని త్రోసిపుచ్చిన వారెవ్వరు? మా విచారము వేఱు. గిటారు పుట్టుపూర్వోత్తరము లెఱిగిన బాలునకు వీణ యెట్లు పుట్టునో తెలియకుండుటయే మాకు బాధాకరము.

ముందుగా గిటారును గూర్చియే చెప్పుదము. పదునాఱవ శతాబ్దమున స్పెయినుదేశమున చిన్న గిటారును, దానికి తోబుట్టువగు విహుయేలాయు వాడుకలో నుండెను. నేటి రూపము నిచ్చినవాడు ఆంటోనియో డి టోరెస్ (1817–1892). అతడు కాయమును పెంచి, పైపలక క్రింద విసనకఱ్ఱ యాకులవలె సన్నని బద్దల నమర్చెను. గిటారు ప్రాణమంతయు ఆ పైపలకయందే యున్నది. అది రెండుమూడు మిల్లీమీటర్ల మందమునకు మించదు. తీగెల కదలికను గుఱ్ఱము దానికందింపగా నది లోని గాలిని కదల్చి నాదమును పెంచును. 1833లో అమెరికాకు వలసపోయిన జర్మనుడు మార్టిన్ స్థాపించిన కార్ఖానాలో బద్దలను అడ్డదిడ్డముగ దాటించి యతుకు పద్ధతి స్థిరపడెను. ఆ బలమువలననే పిమ్మట ఉక్కుతీగెల లాగుడునకు పలక యోర్చుకొనగలిగెను. ఇట్లు నైలాను తీగెల శాస్త్రీయ గిటారు, ఉక్కుతీగెల గిటారు, వయొలినువలె పై భాగము వంపుదేలిన గిటారు, ఒడిలో పరుండబెట్టి కడ్డీతో జార్చి వాయించు హవాయి గిటారు అను భేదము లేర్పడినవి. ఈ కడపటిదానిని మనవారు తమదిగ జేసికొనిరి. విశ్వమోహనభట్టు దానిని మార్చి మోహనవీణ యని పేరిడి, 1994లో గ్రామీ బహుమానము నందెను. గిటారు వీణపేరు ధరించి మన్నన గాంచినది. మఱి వీణ మాట యేమి?

వీణచరిత్రయందు ఆంధ్రుల పాలు గొప్పది. రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధియందు వీణాభేదములు వివరింపబడినవి. పదునేడవ శతాబ్దమున తంజావూరేలిన రఘునాథనాయకుడు, తానే తెనుగు కవి, ఇరువదినాలుగు మెట్ల వీణ నేర్పఱచెనని ప్రసిద్ధి. వాయించుటకు నాలుగు తీగెలు, తాళమునకు మూడు, అను నేటి సరస్వతీవీణ యా పరంపరలోనిదే.

ఆ వీణకు మన రాష్ట్రమున పుట్టినిల్లు విజయనగరము జిల్లా బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి. అచట సర్వసిద్ధి వంశీయులు తరతరములుగ ఈ వృత్తి నవలంబించియున్నారు. ఒకే పనసదుంగను తొలిచి కుండను, దండిని, యాళిముఖమును చెక్కుదురు. కావుననే దానికి ఏకాండివీణ యని పేరు. గిటారు పలకల నతుకుటచే నగును. ఇది దుంగను తొలుచుటచే నగును. గిటారు మెట్లు లెక్కప్రకారము కోసిన గాడులందు స్థిరముగ నిలుచును. వీణమెట్లు మైనముపై చెవిని బట్టి నిలుపవలసినవి. మైనము సడలినచో మేళము మరల కట్టవలయును. గిటారును యంత్రము కొలతపట్టీతో వందలుగ చేయగలదు. మేళము కట్టుటకు మాత్రము వినికిడిగల మనుష్యుడే కావలెను.

వర్తమానశతాబ్దపు రెండవ దశకమున బొబ్బిలివీణకు భౌగోళిక గుర్తింపు లభించెను. ఐనను గుర్తింపు కూడు పెట్టదు. నేడు గొల్లపల్లి పనివారు సభలలో అతిథుల కర్పించు చిన్నవీణలను చేయుచున్నారు. అవి యద్దాలబీరువాలో నిలుచును, మ్రోగవు. చేతికి పని దొరకుట మంచిదే. కాని మేళము కట్టు పని తగ్గినకొలది ఆ చెవి మందగించును. తండ్రి చెవి కుమారునకు గ్రంథము ద్వారా రాదు. పని ద్వారా వచ్చును.

మా ప్రాంతపు మెట్టభూములు పనసకు తగినవి కావు; దుంగలకొఱకు వనము పెంచుడని మేము డోను రైతులను కోరము. గోదావరిమండలపు, విశాఖమండలపు భూస్వాములకది చెల్లును. నేడు నాటిన మొక్క మనుమని తరమునకు వీణ యగును. మనము చేయదగినది మఱొకటి కలదు. పెండ్లికి, సన్మానమునకు బొమ్మవీణలు కొను ధనమును కూడబెట్టి, యూరికొక మ్రోగు వీణను పాఠశాలకొఱకు తెప్పింపవచ్చును. దానిని నేర్పు గురువునకు జీతమీయవచ్చును. గిటారు నేర్చు బాలుని చేతిలో నొకదినము ఆ వీణ నుంచినచో, ఏది పలకలనుండి, ఏది దుంగనుండి పలుకుచున్నదో వాని చెవియే వానికి చెప్పగలదు. ఆ బాలుని గిటారు మానుమనుట మా యుద్దేశము కాదు. రెండును వినిన పిమ్మట నతడు ఏది వాయించినను మాకు సమ్మతమే.