చెయ్యి చూసి చెప్పేదెంత?

'ఏదీ, చెయ్యి చూపించు!' అనగానే మగవాళ్లు కుడిచెయ్యి, ఆడవాళ్లు ఎడమచెయ్యి చాపడం మనకు అలవాటే. హస్తసాముద్రికం నేర్చుకునేవాళ్లకు తొలి పాఠం మూడు గీతలు. బొటనవేలి మొదలును చుట్టి వచ్చేది జీవితరేఖ, అరచేతి మధ్యలోది బుద్ధిరేఖ, దానిపైన వేళ్లకు దగ్గరగా ఉండేది హృదయరేఖ.

జీవితరేఖ పొట్టిగా ఉందని బెంగపడేవాళ్లు ఎందరో! నిజానికి ఈ గీతలు అమ్మ కడుపులో మూడు నెలలు నిండేసరికే ఏర్పడిపోతాయి. పిడికిలి బిగించేటప్పుడు చర్మం మడతపడేది అక్కడే. వాటి పొడవుకూ ఆయుష్షుకూ సంబంధం ఉందనడానికి రుజువు లేదు.

డాక్టర్లూ చెయ్యి చూస్తారు... గీతల్ని కాదు, గోళ్లని! వేళ్ల చివర్లు ఉబ్బి గోళ్లు గుండ్రంగా వంగితే ఊపిరితిత్తుల జబ్బో, గుండె జబ్బో ఉందేమోనని పరీక్షిస్తారు. గోళ్లు పాలిపోతే రక్తహీనతేమోనని అనుమానిస్తారు.

సరదాకి జాతకం చెప్పించుకోండి. గోళ్లలో మార్పు కనిపిస్తే మాత్రం ఆ చెయ్యి చూపించాల్సింది డాక్టరుకే!