గడిలో జారిన చుక్క

నల్లగొండ జిల్లా బోరుబావుల్లో ఫ్లోరైడ్ ఎంతుందో కంప్యూటరులో రాసుకునే పట్టికను ఊహించండి. అడ్డు వరుసకొక బోరు. నిలువు వరుసల్లో ఊరు, తేదీ, ఫ్లోరైడ్. ఏ గడిలోనైనా అంకె దిద్దగల ఇలాంటి పట్టికనే గ్రిడ్ అంటారు. 1979లో బ్రిక్లిన్, ఫ్రాంక్‌స్టన్‌ల విసికాల్క్ దీన్ని చిన్న కంప్యూటర్లకు తెచ్చింది.

గడిలో టైపు చేసింది వెంటనే లెక్కలో చేరదు. అప్పటికి అవి ఉత్త అక్షరాలే! ఎంటర్ నొక్కాక ప్రోగ్రాము వాటిని సంఖ్యగా మార్చి, సరిచూసి, అప్పుడు దాస్తుంది. ఎస్కేప్ నొక్కితే పాత అంకె తిరిగి వస్తుంది.

లీటరుకు 1.2 మిల్లీగ్రాములని రాయబోయి, చుక్క మరచి 12 కొట్టారనుకోండి. భారత ప్రమాణం ప్రకారం తాగునీటిలో 1 దాటకూడదు. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. అయితే పెద్ద సంఖ్యలన్నిటినీ తోసిపుచ్చమందామా? వద్దు. ఆ హద్దుకు ఎన్నో రెట్లు ఫ్లోరైడ్ తేలిన బావులు మన జిల్లాలో ఉన్నాయి. ఎముకలను వంచేసే ఆ నీరే పట్టికలో కనిపించకుండా పోతుంది.

అందుకే డైలాగ్ బాక్సు. "12 అని రాశారు, నిజమేనా?" అంటూ చిన్న కిటికీ తెరుచుకుంటుంది. జవాబిచ్చేదాకా వెనుక పట్టిక కదలదు. 'దిద్దుతాను' అంటే అదే గడికి చేరతాం. 'నిజమే' అంటే 12 నిలుస్తుంది. ప్రతి గడికీ ఇలా అడిగితే మాత్రం విసుగెత్తి, చదవకుండానే 'నిజమే' నొక్కేస్తారు!