గాయం వైపు దారి తప్పని కణాలు

మర్పల్లి చేలల్లో కొడవలి తగిలి చెయ్యి తెగినా, తాండూరు నాపరాయి గనుల్లో బండ అంచు కోసినా, గాయం అంచున ఉన్న చర్మకణాలు తమ వెనుక వరుసలను వెంటబెట్టుకుని ఖాళీ వైపు పాకడం వల్లనే పైపొర తిరిగి కలుసుకుంటుంది. గాజు పలక మీద ఒంటరిగా విడిచిన కణం కొంతసేపు ఒక దిక్కుకు సాగి, ఆగి, మరో దిక్కుకు మళ్లుతుంది. అటువంటి కణాలే గాయం దగ్గర చివరిదాకా ఒకే దిక్కున ఎలా సాగుతాయన్నది జీవశాస్త్రంలో ఎంతో లోతైన ప్రశ్న.

కణం ముందు అంచున ఆక్టిన్ అనే ప్రోటీన్ అణువులు వరుసగా అతుక్కుని సన్నని పోగులుగా పెరుగుతూ పైపొరను ముందుకు నెడతాయి. ఆ పోగులకు కొమ్మలు వేయించే ప్రోటీన్ల సముదాయం పేరు ఆర్ప్2/3. దానిని మేల్కొలిపేది రాక్1 అనే ప్రోటీన్. వెనుక భాగంలో రో అనే ప్రోటీన్ కణాన్ని ముడుచుకునేలా చేస్తుంది. రాక్1 బలంగా ఉన్నచోట రో, రో బలంగా ఉన్నచోట రాక్1 అణగిపోతాయి కనుక, ఒకసారి ఏర్పడిన ముందువెనుకలు వాటంతట అవే నిలుస్తాయి. ముందు పుట్టిన పోగులు వెనక్కి జారుతూ కొన్ని ప్రోటీన్లను వెనుకకు చేర్చి ఈ తేడాను పెంచుతాయి కాబట్టి, వేగంగా కదిలే కణమే దిక్కును ఎక్కువసేపు నిలుపుకుంటుందని 2015 నాటి ఒక పరిశోధన తెలిపింది. అయితే మళ్లగలగడమూ కణానికి అవసరమే. 2013లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞుల బృందం వెల్లడించిన ఆర్పిన్ అనే ప్రోటీన్ ఆర్ప్2/3ను అదుపులో ఉంచుతుంది. దానిని తొలగించినప్పుడు కణాలు మరింత వేగంగా, మరింత తిన్నగా సాగాయి.

గుంపు కదలిక ఇంతకన్నా ఆశ్చర్యకరం. హైదరాబాదు శివారు గోపనపల్లిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో కణాల సామూహిక కదలికను అధ్యయనం చేస్తున్న తమల్ దాస్, అంతకుముందు జర్మనీలో సహచరులతో కలిసి జరిపి 2015లో ప్రచురించిన పరిశోధనలో, వెనుక కణాలకు దిక్కు ఎలా అందుతుందో వివరించారు. ఇరుగుపొరుగు కణాలు కలిసేచోట మెర్లిన్ అనే ప్రోటీన్ కాపు కాసి రాక్1ను ఆపి ఉంచుతుంది. ముందున్న కణం లాగినప్పుడు ఆ లాగుడు బలానికి మెర్లిన్ అక్కడి నుంచి కణం లోపలికి జారుకుంటుంది. అడ్డు తొలగిన రాక్1 సరిగ్గా ఆ వైపే మేల్కొనడంతో, వెనుక కణం కూడా అదే దిక్కుకు పాదం చాస్తుంది. దిక్కును చేరవేసేది ఇక్కడ ఏ రసాయన సందేశమూ కాదు, లాగుడే. ఈ మెర్లిన్‌ను తయారుచేసే జన్యువు పుట్టుకతోనే దెబ్బతిన్నవారిలో, వినికిడికీ ఒంటి నిలకడకూ ఆధారమైన నాడుల మీద కణితులు పెరుగుతాయి.