పాత స్పోర్ట్స్ కారుకు కొత్త ఫ్యూజు పెట్టె

మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే చదువుకున్నాం. ఐటీఐలో ఒకరు ఎలక్ట్రీషియన్, ఇద్దరం మోటారు మెకానిక్ ట్రేడు పూర్తిచేసి, ఇప్పుడు హైదరాబాదులో పాత కార్లు బాగుచేసే షెడ్డులో పని చేస్తున్నాం. వార్షికోత్సవ సంచికకు మా పని గురించి రాయమన్నారు. ఇంజన్ గురించి రాస్తే చదవడానికి బాగానే ఉంటుంది గానీ, మా చేతుల్లోకి వచ్చే కార్లను నిజంగా కాపాడేది అరచేతిలో పట్టేంత ఫ్యూజు పెట్టె. అందుకని దాని గురించే రాస్తున్నాం. పదో తరగతిలో విద్యుత్ పాఠం చదివిన తమ్ముళ్లకు ఇందులో అర్థం కానిది ఏమీ లేదు.

మేము చెప్పబోయే కారు పేరు ఎంజీబీ. ఇంగ్లాండులో ఆబింగ్డన్ అనే ఊళ్లో 1962 నుంచి 1980 వరకు తయారైంది. రెండు సీట్లు, పొట్టిగా, నేలకు ఆనుకుని పరిగెత్తే కారు. ప్రపంచం మొత్తం మీద అయిదు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మన దేశంలో ఇది చాలా అరుదు. కానీ దీని చుట్టం మనందరికీ తెలుసు. 2014 దాకా మన రోడ్ల కోసం తయారైన అంబాసిడర్ కారు అసలు ఇంగ్లాండు మోరిస్ ఆక్స్‌ఫర్డే. అందులో చాలా ఏళ్లు వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, ఎంజీబీ ఇంజనూ ఒకే కుటుంబానివి. అందుకే అంబాసిడర్ మీద చెయ్యి తిరిగిన మెకానిక్‌కు ఎంజీబీ బోనెట్టు ఎత్తితే కొత్త ఊరికి వచ్చినట్టు అనిపించదు.

ఎంజీబీ కరెంటు సామాను బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ కంపెనీది. ఆ కంపెనీ మొదలుపెట్టిన జోసెఫ్ లూకాస్ తొలిరోజుల్లో తోపుడుబండి మీద కిరసనాయిలు అమ్మిన మనిషి. తరువాత దీపాలు చేశాడు, సైకిలు దీపాలతో పేరు సంపాదించాడు. కానీ పాత ఇంగ్లాండు కార్ల లైట్లు తరచూ ఆరిపోతాయని లూకాస్‌కు 'చీకటి రాజకుమారుడు' అని ఎగతాళి పేరు పెట్టారు. ఇది కొంత అన్యాయమేనని మా అభిప్రాయం. అరవై ఏళ్ల కారులో కనబడే తప్పుల్లో సగం కంపెనీవి కావు, మధ్యలో చెయ్యి పెట్టినవాళ్లవి.

అయితే ఒక లోపం మాత్రం పుట్టుకతో వచ్చినదే. తొలి ఎంజీబీల్లో ఫ్యూజులు రెండే రెండు! బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండే వైరు గోధుమ రంగు. అది ఒక ఫ్యూజు దాటాక వంగపండు రంగు వైరుగా మారి హారన్‌కు, లోపలి లైటుకు పోతుంది. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు తెల్లది. అది రెండో ఫ్యూజు దాటాక ఆకుపచ్చగా మారుతుంది. బ్రేకు లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హీటరు ఫ్యాను, పెట్రోలు మీటరు అన్నీ ఆ ఒక్క ఆకుపచ్చ వైరు పిల్లలే. వెనక ఎక్కడో బ్రేకు లైటు వైరు రేకుకు రాసుకుని తోలు ఊడిందనుకోండి, ముందున్న వైపర్లూ ఆగిపోతాయి. వానలో, రాత్రిపూట, వైపరూ బ్రేకు లైటూ ఒకేసారి పోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. హెడ్‌లైట్లకైతే అసలు ఫ్యూజే లేదు. తరువాతి మోడళ్లలో నాలుగు ఫ్యూజులు వచ్చాయి, అప్పుడు కూడా హెడ్‌లైట్లకు మాత్రం పెట్టలేదు.

పన్నెండు వోల్టులే కదా, ముట్టుకున్నా షాకు కొట్టదు కదా అని చాలామంది అనుకుంటారు. షాకు కొట్టదు, కానీ కాల్చేస్తుంది. లెక్క చూడండి. ఇంట్లో 230 వోల్టుల మీద 100 వాట్ల బల్బు అర ఆంపియరు కూడా తీసుకోదు. అదే 100 వాట్లు 12 వోల్టుల మీద కావాలంటే 8 ఆంపియర్లకు పైగా పారాలి. వైరు వేడెక్కేది కరెంటు వర్గాన్ని బట్టి. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలు. ఇక వైరు నేరుగా బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది. ఎంజీబీలో బ్యాటరీ సీట్ల వెనక ఉంటుంది, పెట్రోలు పంపు కూడా ఆ దగ్గర్లోనే.

ఒకసారి మా షెడ్డుకు డాష్‌బోర్డు సగం కాలిన పాత కారు ఒకటి వచ్చింది. ఫ్యూజు తీసి చూస్తే గాజు గొట్టం చుట్టూ సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి ఉంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎవరో చేసిన వైద్యం అది. ఫ్యూజు పోలేదు, నిజమే. దాని బదులు వైరు పోయింది, వైరుతోపాటు పక్కనున్న ఇరవై వైర్లూ పోయాయి. ఇక్కడ ఒక్క మాట పట్టుకుంటే మిగతాదంతా తేలికవుతుంది: ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. కాబట్టి ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు వెయ్యాలో వైరు లావు చెప్పాలి. ఒక చదరపు మిల్లీమీటరు కారు వైరును 8.75 ఆంపియర్లకు, రెండు చదరపు మిల్లీమీటర్ల వైరును 17.5 ఆంపియర్లకు లెక్క కడతారు.

పాత ఫ్యూజులు మార్చేటప్పుడు అందరూ పడే గోతి ఒకటుంది. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని రాసి ఉంటుంది. అది ఫ్యూజు పోయే కరెంటు. ఎడతెగకుండా మోయగలిగేది అందులో సగం, 17.5 మాత్రమే. ఇప్పటి ప్లాస్టిక్ బ్లేడు ఫ్యూజుల మీద రాసే అంకె అలా కాదు, అది మామూలుగా మోసే కరెంటు. 30 అని రాసిన బ్లేడు ఫ్యూజు 40 ఆంపియర్లను కూడా కొన్ని నిమిషాలు భరించవచ్చు. పాతదాని మీద 35 ఉంది కదా అని 30 ఆకుపచ్చది గుచ్చితే పాత వైరు ఆ కొన్ని నిమిషాల్లోనే ఉడికిపోతుంది. అక్కడ వెయ్యవలసింది 15 నీలం రంగుది, వైరు బాగుంటే 20 పసుపుది.

పాత పెట్టెకు ఇంకో జబ్బు తుప్పు. గాజు ఫ్యూజును పట్టుకునే రేకు క్లిప్పులు వదులై, పచ్చగా చిలుము పడతాయి. అక్కడ 0.1 ఓమ్ నిరోధం వచ్చి, 10 ఆంపియర్లు పారితే ఒక వోల్టు అక్కడే పోతుంది, 10 వాట్ల వేడి బఠాణీ గింజంత చోట పుడుతుంది. మన చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే! కరెంటు పెరగలేదు కాబట్టి ఫ్యూజు పోదు, పెట్టె మాత్రం కరుగుతుంది. బ్లేడు ఫ్యూజు రెండు కాళ్లనూ స్ప్రింగు గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఇక కొత్త పెట్టె. బజారులో దొరికే వాటిలో చాలావాటికి లోపల ఒకే రాగి పట్టీ, ఫ్యూజులన్నిటికీ ఒకే దారి నుంచి కరెంటు. ఎంజీబీకి అది పనికిరాదు. గోధుమ రంగు గుంపు వేరు, తెల్ల వైరు గుంపు వేరు. రెండూ కలిపితే తాళం తీసినా వైపర్లు తిరుగుతాయి, లేదా తాళం లేకపోతే హారన్ మోగదు. రెండు పట్టీలున్న పెట్టె తీసుకోవాలి, లేదా రెండు చిన్న పెట్టెలు పక్కపక్కన బిగించాలి. మేము హెడ్‌లైట్లకు కుడి ఎడమలకు విడివిడిగా, పై వెలుగుకూ కింది వెలుగుకూ విడివిడిగా నాలుగు ఫ్యూజులు పెడతాం. 60 వాట్ల బల్బు ఒక్కొక్కటి 5 ఆంపియర్లు తీసుకుంటుంది, 10 ఎర్రది సరిపోతుంది. రెంటికీ ఒకటే పెడితే, అది పోయిన క్షణాన డ్రైవరుకు రోడ్డే కనబడదు. ఇంజన్ నడిపే ఇగ్నిషన్ కాయిల్ వైరుకు కంపెనీ ఫ్యూజు పెట్టలేదు, మేమూ దాని జోలికి పోము. హెడ్‌లైట్లకు రిలే కూడా వేస్తే పాత స్విచ్చు మీద భారం పోతుంది. రిలే కాయిల్‌కు పావు ఆంపియరు కూడా అక్కర్లేదు.

చాలామంది మరిచేది ఇంకొకటి ఉంది. కొత్త పెట్టె తన తరువాతి వైర్లనే కాపాడుతుంది. బ్యాటరీ లావు కేబులు స్టార్టరు దగ్గరికి వచ్చి, అక్కడి నుంచి గోధుమ రంగు వైరు పెట్టెకు బయలుదేరుతుంది. ఆ వైరుకు దిక్కెవరు? అందుకే అది బయలుదేరే చోటే ఒక పెద్ద ఫ్యూజు పెట్టాలి. కాపలావాడు ఊరి మొదట్లో ఉండాలి గాని ఊరు దాటాక ఉండి లాభం లేదు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ కేబులు తీసెయ్యాలి. 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బాడీకి తగిలించేది పాజిటివ్. మన అలవాటు కొద్దీ నెగెటివే ఎర్త్ అనుకుని చెయ్యి పెట్టకూడదు. ఫ్యూజులకు పాజిటివ్, నెగెటివ్ తేడా లేదు గానీ కొత్త రేడియోకు, ఎల్ఈడీ బల్బులకు ప్రాణం మీదికి వస్తుంది. ప్రతి వైరునూ విప్పేముందే టేపు చుట్టి పేరు రాస్తాం, సెల్‌ఫోనులో ఫొటో తీస్తాం. అరవై ఏళ్ల దుమ్ములో గోధుమ రంగూ ఎరుపూ ఒకలాగే కనబడతాయి మరి. నల్లబడిన కొస కత్తిరించి, మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి పోవాలి. లగ్గును క్రింపింగ్ ప్లయరుతోనే నొక్కాలి, మామూలు కటింగ్ ప్లయరుతో నలిపితే ఆరు నెలల్లో వదులవుతుంది. రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం మా షెడ్డులో నిషేధం. పాత పెట్టెను పారెయ్యం. అసలు రూపం చెడకూడదని యజమానులు అడుగుతారు, అదీ న్యాయమే. దాన్ని ఖాళీగా ఉన్నచోటే ఉంచి, కొత్తదాన్ని కనబడని మూలన బిగిస్తాం.

అంతా అయ్యాక బ్యాటరీ నేరుగా కలపం. ఫ్యూజులన్నీ తీసి, తీసిన ఎర్త్ కేబులుకూ బ్యాటరీకీ మధ్య 21 వాట్ల బల్బు పెడతాం. స్విచ్చులన్నీ ఆపి ఉండగా బల్బు నిండుగా వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. వెలగకపోతే ఒక్కొక్క ఫ్యూజూ గుచ్చుతూ చూస్తాం. ఏ ఫ్యూజుకు బల్బు భగ్గుమంటే తప్పు ఆ వైరులో ఉంది. ఖర్చు లేని పద్ధతి, ఒక్క ఫ్యూజు కూడా దండగ కాదు.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. పాత భవనాల్లో పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులుంటాయి. స్టడీ అవర్‌లో కరెంటు పోతే వాటిలో లావు రాగి తీగ చుట్టడం మా రోజుల్లో మామూలు సంగతి. ఆ రాగి తీగా, ఆ వెండి కాగితమూ ఒకటే. చాలాచోట్ల ఇప్పుడు ఎంసీబీలు వచ్చాయి, కానీ అది పదేపదే పడిపోతోందని పెద్దది వేయించినా అదే ప్రమాదం. బోర్డు మీద చెయ్యి వెయ్యకండి. వార్డెను గారికి చెప్పి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి, ఎందుకు పడిపోతోందో చూడమనండి.

కొత్త పెట్టె మూత లోపల ఏ ఫ్యూజు దేనిదో, ఎన్ని ఆంపియర్లదో రాసి అతికిస్తాం, పక్కన రెండేసి స్పేరు ఫ్యూజులు కడతాం. మొన్నటి కారు యజమాని ఇంగ్లీషులో రాయమన్నారు. రాశాం. దాని కింద తెలుగులో కూడా రాశాం. రాత్రిపూట రోడ్డు మీద బండి ఆగితే మూత తీసేది ఆయన కాదు, ఆయన డ్రైవరు.