జీతం అక్కడ... బిల్లు ఇక్కడ!

కొడుకు డాలస్‌లో. అమ్మానాన్నలు తిరుపతిలో. సంపాదన డాలర్లలో, ఇంటి ఖర్చు రూపాయల్లో. అమ్మ చేతిలో కొడుకు పేరుమీద తీసుకున్న యాడ్-ఆన్ కార్డు. మందులు, కరెంటు బిల్లు, పండక్కి బట్టలు... అన్నీ దాంతోనే. నెల తిరిగేసరికి బ్యాంకు ఖాతాలోంచి డబ్బు దానంతటదే వెళ్లి కార్డు బిల్లు తీరిపోతుంది. దీన్నే ‘ఆటో డెబిట్’ అంటారు. ఇంకేం దిగులు అనుకుంటారు అందరూ. కానీ ఏదో ఒక నెల మందులషాపులో కార్డు పనిచేయదు. ‘నాయనా, బ్యాంకోళ్లు ఫోన్ చేసినారు, బిల్లు కట్టలేదంట’ అని నాన్న గొంతు అర్ధరాత్రి డాలస్‌లో వినిపిస్తుంది!

ఇలాంటి ఇళ్లు తిరుపతి, చిత్తూరుల్లో వీధికొకటైనా కనిపిస్తాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లినవారు కొందరు. పీలేరు, కలికిరి, మదనపల్లె వైపు నుంచి కువైట్ బాట పట్టినవారు మరికొందరు. దేశం ఏదైనా ఇక్కడి కార్డు విషయంలో అందరికీ ఎదురయ్యే చిక్కులు ఒక్కటే.

ఖాతా పేరు మారితే...

ఉద్యోగం కోసం విదేశాలకు వెళ్లినవారు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా మార్చుకోవాలి. ఇది విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (1999) కిందున్న నియమం. మార్చుకోవడం మంచిదే. చిక్కేమిటంటే, కొన్ని బ్యాంకుల్లో అలా మార్చినప్పుడు ఖాతా నంబరు కూడా మారుతుంది. పాత నంబరుకు ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతి అక్కడితో ఆగిపోతుంది. కొత్త ఖాతాకు మళ్లీ అనుమతి ఇవ్వాల్సిందే. ఖాతాలో డబ్బున్నా బిల్లు కట్టకుండా మిగిలిపోవడానికి ఇదో కారణం.

మూగబోయిన నంబరు

రెండో చిక్కు ఫోన్ నంబరుతో. ప్రీపెయిడ్ సిమ్మును 90 రోజులు వాడకుండా, 20 రూపాయల నిల్వ కూడా లేకుండా వదిలేస్తే నంబరు రద్దయ్యే ప్రమాదం ఉంది. కొన్నాళ్లకు అది మరొకరి చేతికి పోతుంది. బ్యాంకు పంపే సందేశాలూ ఆ వెనకే!

కార్డులు, యూపీఐ ద్వారా ప్రతినెలా జరిగే చెల్లింపులకు 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు కొత్త పద్ధతి అమలుచేసింది. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు కబురు చేయాలి. ఓటీపీ అడగకుండా తీసుకునే మొత్తానికి హద్దు ఉంటుంది. క్రెడిట్ కార్డు బిల్లులకు ఈ హద్దును 2023 డిసెంబరులో లక్ష రూపాయలకు పెంచారు. అంతకు మించితే ఓటీపీ కావాలి. నంబరు పనిచేయకపోతే ఆ కబురూ రాదు, ఓటీపీ కూడా రాదు.

అందుకని సిమ్మును నాన్న ఫోన్లో వేసి వెళ్లేవారున్నారు. ‘మీ అబ్బాయి కార్డు ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి’ అనే మోసగాళ్లకు ఇది అనువైన సందు. అంతకన్నా విదేశీ నంబరునే బ్యాంకులో నమోదు చేయించుకోవడం మేలు. చాలా బ్యాంకులు ప్రవాసులకు ఈ వీలు కల్పిస్తున్నాయి. అమ్మానాన్నలకు ఒక్కమాట చెప్పి ఉంచాలి... ఓటీపీ అడిగినవారు ఎవరైనా సరే, ఫోన్ పెట్టేయమని.

కుబేరుడి బాకీ

పద్మావతీదేవితో పెళ్లికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, కలియుగాంతం దాకా వడ్డీ మాత్రమే కడుతున్నాడని కొండ కింది ఊళ్లలో పిల్లలకు కూడా తెలుసు. వడ్డీకాసులవాడని పేరు వచ్చిందే అందుకు. ఆయనకు చెల్లింది. మనకు చెల్లదు!

ఆటో డెబిట్ పెట్టుకునేటప్పుడు బ్యాంకు ఒక ప్రశ్న అడుగుతుంది- ‘మొత్తం బాకీయా, కనీస మొత్తమా?’ తొందరలో ‘కనీస మొత్తం’ మీద టిక్కు పెడితే అది కుబేరుడి అప్పే. 50 వేల పాత బాకీ ఉందనుకుందాం. నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 1,750 రూపాయలు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 315. రెండూ కలిపితే 2,065. కనీస మొత్తం ఐదు శాతం అయితే కట్టేది 2,500. అంటే అసలులోంచి తగ్గేది 435 రూపాయలే! పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికీ కొన్నరోజు నుంచే వడ్డీ పడుతుంది.

తప్పితే ఏం చేయాలి?

గడువు దాటిందని తెలియగానే కంగారు పడనక్కర్లేదు. ఆలస్యం మాత్రం చేయకూడదు. 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వేయాలి, సిబిల్ వంటి సంస్థలకు తెలపాలి. ఆ మూడురోజుల్లో కట్టేస్తే స్కోరుకు మచ్చ పడదు. రేపు తిరుపతిలో అమ్మానాన్నల కోసం ఇల్లు కట్టాలని రుణానికి వెళ్తే, బ్యాంకు ముందుగా చూసేది ఆ స్కోరే.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. కుటుంబసభ్యులను వేధించకూడదు. యాడ్-ఆన్ కార్డు అమ్మ వాడినా బాకీ తీర్చాల్సింది అసలు కార్డుదారే. ఈ సంగతి పెద్దవాళ్లకు తెలిసుంటే సగం భయం పోతుంది.

విమానం ఎక్కేముందే...

ఆటో డెబిట్ ‘మొత్తం బాకీ’కి పెట్టాలి. గడువుకు వారం ముందే ఎన్ఆర్ఓ ఖాతాలో డబ్బుండేలా చూసుకోవాలి. స్టేట్‌మెంట్లు ఈమెయిల్‌కు వచ్చేలా చేసుకోవాలి. అక్కర్లేని కార్డు ఉంటే బాకీ తీర్చి మూసేయమని అడగాలి. అడిగిన ఏడు పనిదినాల్లో బ్యాంకు మూసేయాలి. లేదంటే రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకు అదే ఎదురు చెల్లించాలి.

దానంతటదే జరిగే పనిని కూడా నెలకోసారి ఎవరో ఒకరు చూసుకోవాలి. ఆదివారం వీడియో కాల్‌లో ‘అన్నం తిన్నావా నాయనా’ అని అమ్మ ఎలాగూ అడుగుతుంది. ‘బిల్లు కట్టుబడిందా’ అని నాన్న కూడా ఓ మాట అడిగితే సరి!